వియన్నా వెళ్ళే పెద్దలకు: ముందు బస, ఆపై భోజనం, చివరనే బజారు

ఉద్యోగ విరమణ చేసిన దంపతులు ఐరోపా యాత్రకు బయలుదేరడం మన తెలుగు జిల్లాల్లో ఇప్పుడొక విశేషం కాదు. కొడుకు మ్యూనిక్‌లో ఉంటాడు, కూతురు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంటుంది. వారు టిక్కెట్లు పంపుతారు, వీరు సూట్‌కేసులు సర్దుతారు. బయలుదేరే ముందు నా వద్దకు వచ్చేవారు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే తీరుగా ఉంటాయి. ఏ టీకా వేయించుకోవాలి, విరేచనాలకు ఏ మాత్ర పెట్టుకోవాలి, చలికి ఏ స్వెట్టరు కొనాలి. "డాక్టరు గారూ, ఎక్కడ బస చేయమంటారు?" అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అది వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్న కాదని వారి భావన. నా అభిప్రాయం ఇందుకు పూర్తిగా భిన్నం. అరవై దాటినవారికి పరాయి నగరంలో ఆరోగ్యం ఎలా ఉంటుందన్నది మందుల సంచి కన్నా ఎక్కువగా బస చీటీ మీద ఆధారపడి ఉంటుంది. బస ఎక్కడన్నది తేలితే భోజనం ఎక్కడన్నది తేలుతుంది. భోజనం వేళ తేలితేనే మధుమేహపు మాత్ర వేళ తేలుతుంది.

ముందుగా ఒక మాట చెప్పాలి. తొమ్మిది రోజుల్లో ఆరు దేశాలు చూపించే బృందయాత్రలను నేను పెద్దవారికి సిఫారసు చేయను. తక్కువ ధరకు వస్తుందని సంస్థలు నగరానికి ఇరవై, ముప్పై కిలోమీటర్ల దూరంలో, రహదారి పక్కన ఉన్న హోటళ్ళలో దించుతాయి. తెల్లవారుజామున లేవాలి, గంటల తరబడి బస్సులో కూర్చోవాలి, అర్ధరూపాయికి బదులు అర్ధయూరో పెట్టి మూత్రశాలకు వెళ్ళాలి. ఆ యాభై సెంట్ల కోసం కాకపోయినా, బస్సు ఆగదన్న భయంతో మన ఆడవారు నీళ్ళు త్రాగడం మానేస్తారు. మగవారు రక్తపోటుకు వాడే మూత్రకారక మాత్రను ఎవరినీ అడగకుండా ఆపేస్తారు. దాని ఫలితంగా మూత్రనాళ ఇన్‌ఫెక్షన్, కాళ్ళ వాపు, ప్రోస్టేటు ఉన్నవారికి మూత్రం బిగుసుకుపోవడం, అరుదుగానైనా కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం. ఇవన్నీ విమానం దిగిన వారం లోపల నా వద్దకు వచ్చినవే. ఆరు దేశాల ఫోటోలు ఉంటాయి కానీ ఆరింటిలో ఒక్క వీధి పేరు కూడా గుర్తుండదు.

దీనికి బదులు ఒక్క నగరాన్ని ఎంచుకొని ఏడు రోజులు ఉండండి. ఉదాహరణకు వియన్నాను తీసుకుంటున్నాను. అది నేను రెండు పర్యాయాలు వారం చొప్పున ఉండి నడిచి చూసిన నగరం. వైద్యం చదివినవాడికి అది ఒక విధంగా పుణ్యక్షేత్రం కూడా. ప్రసూతి వార్డులో చేతులు కడుక్కోమన్నందుకు తోటివారి నిరాదరణకు గురైన సెమ్మెల్‌వైస్ 1847లో పనిచేసినది అక్కడి సర్వజన వైద్యశాలలోనే. క్లోరిన్ సున్నపు నీటితో చేతులు కడుక్కోవడం మొదలైన కొద్ది నెలలకే బాలింతల మరణాలు నూటికి పద్దెనిమిది నుండి రెండు, మూడింటికి దిగివచ్చాయి. లాండ్‌స్టైనర్ రక్తవర్గాలను గుర్తించినదీ, బిల్‌రోత్ 1881లో జీర్ణకోశపు కంతిని కోసి రోగిని బ్రతికించినదీ ఆ ఊరే. ఆ పాత వైద్యశాల ప్రాంగణం ఇప్పుడు విశ్వవిద్యాలయానికి చెందినది. చెట్ల క్రింద బల్లల మీద విద్యార్థులు కూర్చుని ఉంటారు. ప్రవేశ రుసుము లేదు, మెట్లు లేవు. వృద్ధులకు ఇంతకన్నా మంచి దర్శనీయ స్థలం నేను చూపలేను. కానీ యాత్రా సంస్థల జాబితాలో అది ఉండదు.

ఇక బస విషయం. వియన్నాలో ఇరవై మూడు జిల్లాలున్నాయి. మనం వార్డులు అనుకోవచ్చు. చిరునామాలోని నాలుగంకెల పిన్‌కోడులో మధ్యనున్న రెండంకెలు ఆ జిల్లా సంఖ్యను చెబుతాయి. 1070 అంటే ఏడవ జిల్లా, 1090 అంటే తొమ్మిదవది. హోటలు వెబ్‌సైటులో "నగర మధ్యానికి సమీపం" అని వ్రాసినదాన్ని నమ్మకుండా ఈ అంకెను చూడండి. ఒకటవ జిల్లాలో గదులు ఖరీదు, అక్కడే ఉండనవసరం లేదు. మూడు, ఏడు, తొమ్మిది జిల్లాల్లో గానీ, పదవ జిల్లాలో ప్రధాన రైల్వే స్టేషను పరిసరాల్లో గానీ, యూ-బాన్ అని పిలిచే మెట్రో స్టేషనుకు ఐదారు నిమిషాల నడకలో గది దొరికితే చాలు. ఆ మెట్రో స్టేషన్లన్నింటికీ లిఫ్టులున్నాయి. మోకాళ్ళ నొప్పులున్నవారికి ఇది అలంకారం కాదు, ఆధారం.

మెట్రోకు లిఫ్టు ఉన్నంత మాత్రాన ఇంటికి లిఫ్టు ఉంటుందనుకోకండి. వియన్నాలో వంద, నూటయాభై ఏండ్లనాటి భవనాలు ఎన్నో ఉన్నాయి. వాటిని ఆల్ట్‌బౌ అంటారు. ఎత్తైన కప్పులు, పొడవాటి కిటికీలు, చూడ ముచ్చటగా ఉంటాయి. వాటిలో అంతస్తుల లెక్క మన లెక్క కాదు. నేలమట్టం మీద ఎర్డ్‌గెషోస్, దాని పైన కొన్ని భవనాల్లో హోఖ్‌పార్టెర్, ఆ పైన మెజ్జానిన్, ఆ తరువాతనే "మొదటి అంతస్తు" మొదలవుతుంది. కనుక మూడవ అంతస్తు అని వ్రాసి ఉంటే అది మన లెక్కలో ఐదవది కావచ్చు.

ఈ లెక్క ఎంతటి పని చేయగలదో చెబుతాను. నాకు తెలిసిన ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుల వారు, భార్యతో సహా, కొడుకు వద్దకు వెళ్ళి, అక్కడి నుండి ఇద్దరే వియన్నాకు నాలుగు రోజులు వెళ్ళారు. కొడుకు ప్రేమతోనే ఒక అందమైన పాత ఇంట్లో మూడవ అంతస్తు గది తీసుకున్నాడు. లిఫ్టు లేదు. నూట పది మెట్లు. ఆమెకు రెండు మోకాళ్ళూ అరిగి ఉన్నాయి, మధుమేహానికి గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. చేరినది శనివారం రాత్రి. అలసిపోయి, వెంట తెచ్చుకున్న జంతికలు తిని పడుకున్నారు. ఆదివారం ఉదయం అలవాటు ప్రకారం ఆమె మాత్ర వేసుకున్నారు, ఆయన ఏదైనా ఫలహారం తెస్తానని దిగారు. వీధిలో దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. ఆయన వీధులు తిరిగి తిరిగి, గంట గడిచాక ఒక బేకరీ కనుగొని, నూట పది మెట్లు ఎక్కి వచ్చేసరికి ఆమె చెమటలతో తడిసి, మాట తడబడుతూ, మంచం పట్టీని పట్టుకుని ఉన్నారు. ఎదురింటి ముసలమ్మ ఇచ్చిన ఆపిల్ రసం గ్లాసుడు త్రాగించడంతో తేరుకున్నారు. పది నిమిషాలు ఆలస్యమై స్పృహ తప్పి ఉంటే ఆ రసాన్ని నోట పోయడం కూడా ప్రమాదమే అయ్యేది. ఆయన ఊరికి వచ్చాక నాతో అన్నది ఒకటే మాట: "మందు సరిగ్గానే వేసుకుంది కదండీ, మరి ఎందుకిలా అయింది?" మందు సరైనదే. మందుకు అనుగుణమైన బస కాదు.

అక్కడ ఆదివారం దుకాణాలు మూసి ఉండడం సెలవు సరదా కాదు, చట్టం. బిల్లా, స్పార్, హోఫర్ వంటి సూపర్‌మార్కెట్లు మామూలు రోజుల్లో రాత్రి ఏడున్నర, ఎనిమిది గంటల వరకు ఉంటాయి, శనివారం సాయంత్రం ఆరింటికే తలుపులు వేస్తాయి. మళ్ళీ తెరిచేది సోమవారం ఉదయం. ప్రభుత్వ సెలవు దినాల్లోనూ అంతే. ప్రధాన రైల్వే స్టేషను, ప్రాటర్‌స్టెర్న్ స్టేషను వంటి చోట్ల ఉన్న దుకాణాలకు మాత్రం మినహాయింపు ఉంది. మన ఊళ్ళో అర్ధరాత్రి కూడా సందు చివర కిరాణా కొట్టు తలుపు తట్టగలిగినవారికి ఈ ముప్పై ఆరు గంటల నిశ్శబ్దం ఊహకు అందదు. అందువల్ల శనివారం రాత్రి చేరే విమానం తీసుకోకండి. తప్పకపోతే పాలు, రొట్టె, అరటిపండ్లు, ఒక పండ్ల రసం డబ్బా స్టేషనులోనే కొని గదికి వెళ్ళండి. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారికి నా నియమం ఒక్కటే. భోజనం కళ్ళ ఎదుట ఉన్నప్పుడే మాత్ర చేతిలోకి తీసుకోవాలి. "వస్తుంది" అన్న భోజనం లెక్కలోకి రాదు.

గది తీసుకునే ముందు లిఫ్టు గురించే కాక స్నానాల గది గురించి కూడా అడగండి. చాలాచోట్ల ఎత్తైన తొట్టిలోకి కాలెత్తి దిగి స్నానం చేయాలి. తడి కాలితో ఆ అంచు దాటేటప్పుడే తుంటి ఎముకలు విరుగుతాయి. నేలమట్టానికి ఉన్న షవరు కావాలని వ్రాసి అడగండి. నీళ్ళ గొట్టం ఉండదు, కాగితమే. ఒక చిన్న ప్లాస్టిక్ మగ్గు సూట్‌కేసులో పెట్టుకోవడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. నేను పెట్టుకుంటాను. జూలై, ఆగస్టు నెలల్లో వెళ్ళేవారు ఎయిర్‌కండిషనర్ ఉందో లేదో అడగాలి. ఐరోపా అంటే చల్లదనం అన్న మన భావన పాతబడింది. వియన్నాలో వేసవి ఉష్ణోగ్రత ముప్పై ఐదు డిగ్రీలు దాటే రోజులుంటాయి, పాత ఇళ్ళలో ఫ్యాను కూడా ఉండదు. మూత్రకారకాలు, కొన్ని మానసిక వ్యాధుల మందులు వాడేవారికి ఆ వేడి మన రేపల్లె వేడి కన్నా ప్రమాదకరం కావచ్చు, ఎందుకంటే అక్కడ జాగ్రత్తపడాలన్న స్ఫురణే ఉండదు.

హోటలా, వంటగది ఉన్న అపార్ట్‌మెంటా అన్నది తరువాతి ప్రశ్న. మూడు రోజులకు మించి ఉండేవారికి, అందునా శాకాహారులకు, చిన్న వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ హోటలే మేలని నా అభిప్రాయం. హోటలు గదిలో రైస్‌కుక్కర్ పెట్టి పోపు వేస్తే పొగ గంట మోగుతుంది, జరిమానా పడుతుంది. ఇది హాస్యానికి చెప్పడం లేదు. ఇళ్ళను యాత్రికులకు స్వల్పకాలం అద్దెకిచ్చే విషయంలో వియన్నా నగరం 2024 జూలై నుండి నిబంధనలను కఠినం చేసింది. కాబట్టి ఎవరిదో సొంత ఫ్లాటు తీసుకునేటప్పుడు దానికి అనుమతి ఉన్నదో లేదో పిల్లల చేత కనుక్కోండి. వంటగది ఉంటే ఫ్రిజ్ ఉంటుంది, ఇన్సులిన్‌కు అదొక సౌకర్యం. హోటలు గదుల్లోని చిన్న ఫ్రిజ్‌లు కొన్ని తాళపు కార్డు తీయగానే ఆగిపోతాయి, మరికొన్ని వెనుక గోడ దగ్గర గడ్డకట్టేంత చల్లగా ఉంటాయి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, పారవేయవలసిందే. వాడుకలో ఉన్న పెన్ను మాత్రం ముప్పై డిగ్రీలకు లోపు గదిలో నాలుగు వారాల వరకు బయట ఉండవచ్చు. విమానంలో ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉండాలి, క్రింద వేసే సామానులో కాదు.

ఇక భోజనం. వియన్నా నీటితో మొదలుపెడతాను, ఎందుకంటే ఆ నగరంలో నాకు అన్నింటికన్నా నచ్చినది అదే. ఆల్ప్స్ పర్వతాల ఊటనీటిని కాలువల ద్వారా, గురుత్వాకర్షణ బలంతోనే, నగరానికి తెచ్చిన మొదటి పథకం 1873లో పూర్తయింది, రెండవది 1910లో. ఎడ్వర్డ్ స్యూస్ అనే భూగర్భ శాస్త్రవేత్త పట్టుబట్టి సాధించిన పని అది. బావినీటితో వచ్చే సన్నిపాత జ్వరాలు ఆ తరువాత తగ్గుముఖం పట్టాయి. ఈ రోజుకీ స్నానాల గదిలోని కుళాయి నుండి వచ్చేది ఆ నీరే. వీధుల్లో వందలాది త్రాగునీటి కుళాయిలున్నాయి. ఒక సీసా వెంట ఉంచుకుంటే నీళ్ళు కొనవలసిన పని లేదు. జీవితమంతా రక్షిత మంచినీటి పథకాల కోసం జిల్లా సమావేశాల్లో నోరు నొప్పిపుట్టేలా మాట్లాడినవాణ్ణి కనుక, ఆ కుళాయి దగ్గర నేను ఒక నిమిషం ఎక్కువ నిలబడ్డానని ఒప్పుకుంటాను.

భోజనశాలల వేళలు మనవి కావు. మధ్యాహ్నం పదకొండున్నర నుండి రెండు, రెండున్నర వరకు, మళ్ళీ సాయంత్రం ఆరు నుండి తొమ్మిదిన్నర వరకు వంట జరుగుతుంది. నడుమ చాలాచోట్ల వంటగది మూసివేస్తారు. మన అలవాటు ప్రకారం రాత్రి తొమ్మిదిన్నరకు తీరిగ్గా వెళితే ఆకలితో తిరిగి రావలసి ఉంటుంది. జూన్ మాసంలో తొమ్మిది వరకు వెలుతురు ఉంటుంది కనుక వేళ దాటినట్టు తెలియదు కూడా. పని దినాల్లో మధ్యాహ్నం మిట్టాగ్స్‌మెన్యూ అని ఒక సూపు, ఒక ప్రధాన వంటకం కలిపి తక్కువ ధరకు ఇస్తారు. పెద్దవారు దాన్నే ఆ రోజుకు ముఖ్య భోజనంగా చేసుకుని, రాత్రికి గదిలో పెరుగన్నంతో సరిపెట్టుకోవడం మేలు. జేబుకు మంచిది, చక్కెరకూ మంచిది, రాత్రి చీకట్లో రాతి పలకల వీధుల్లో నడిచే అవసరం తప్పుతుంది. నాటూర్‌యోగుర్ట్ అని వ్రాసి ఉన్న డబ్బా మన పెరుగే, తీపి కలపనిది. బియ్యం ప్రతి సూపర్‌మార్కెట్టులోనూ ఉంటుంది.

శాకాహారులకు ఒక హెచ్చరిక. మాంసపు ముక్క కనిపించకపోతే అది శాకాహారమని భావించకండి. ఫ్రిట్టాటెన్‌సుప్పె అనే సూపులో కనిపించేది సన్నగా తరిగిన అట్టు ముక్కలే కానీ, ఆ రసం గొడ్డుమాంసాన్ని ఉడికించిన నీరు. వియన్నా పద్ధతిలో చేసే బంగాళదుంప సలాడులో కూడా సాధారణంగా ఆ రసమే పోస్తారు. పప్పు వంటకంలో ష్పెక్ అనే పందిమాంసపు తునకలు ఉంటాయి. ష్వైన్ అంటే పంది, రిండ్ అంటే గొడ్డు, కాల్ప్ అంటే దూడ, హూన్ అంటే కోడి, ష్మాల్ట్స్ అంటే చాలావరకు పందికొవ్వు. ఈ ఐదారు మాటలు ఒక కాగితం మీద తెలుగులో వ్రాసుకుని జేబులో పెట్టుకోండి. జాబితాలో వంటకం ప్రక్కన ఏ, సీ, జీ వంటి అక్షరాలు కనిపిస్తాయి. అవి శాకాహార చిహ్నాలు కావు, ఎలర్జీ కలిగించే పదార్థాల గుర్తులు. ఐరోపా చట్టం ప్రకారం పద్నాలుగు రకాల పదార్థాలను 2014 డిసెంబరు నుండి వినియోగదారునికి తెలియజేయాలి. ఆస్ట్రియాలో ఏ అంటే గోధుమ వంటి గ్లూటెన్ ధాన్యాలు, సీ అంటే గుడ్డు, ఈ అంటే వేరుశనగ, జీ అంటే పాలు. వేరుశనగ పడనివారికి, పాలు అరగనివారికి ఇది ప్రాణరక్షక సమాచారం. మన హోటళ్ళలో ఇటువంటి ఏర్పాటు ఎప్పటికి వస్తుందో అని నాకొక చింత ఉంది, అది వేరొక వ్యాసానికి తగినది.

నగరం నడిబొడ్డున ప్రతి ఇరవై అడుగులకూ ఒక కేకుల దుకాణం ఉంటుంది. జాఖర్ టోర్టె అనే చాక్లెట్ కేకుకు 1832 నాటి చరిత్ర ఉంది. మధుమేహం ఉన్నవారు తినకూడదా అని అడిగితే, నేను కఠినుణ్ణి కాను. భార్యాభర్తలు ఒక ముక్కను పంచుకోండి, ఆ పూట అన్నం తగ్గించండి, అరగంట నడవండి. కాఫీ హౌసులు మాత్రం పెద్దవారికి వరమని చెబుతాను. ఒక మెలాంజ్ కాఫీ చెప్పి గంటల తరబడి కూర్చున్నా లేవమని ఎవరూ అనరు, కాఫీతో పాటు పళ్ళెంలో గ్లాసుడు నీళ్ళు ఇస్తారు, మూత్రశాల ఉంటుంది. 2019 నవంబరు నుండి లోపల పొగత్రాగడం నిషిద్ధం. కనుక ఉబ్బసం వారికీ ఇబ్బంది లేదు. మధ్యాహ్నం మూడు గంటలకు కాళ్ళు అడిగే విశ్రాంతికి ఇంతకన్నా తగిన చోటు లేదు. నేనైతే రోజు ప్రణాళికను దర్శనీయ స్థలాల చుట్టూ కాక, మధ్యాహ్నపు భోజనశాల, మూడు గంటల కాఫీ హౌసు, ఈ రెండింటి చుట్టూ అల్లుకుంటాను. నడుమ ఒక్క మ్యూజియమో, ఒక్క ఉద్యానవనమో సరిపోతుంది.

ఇంటి నుండి తీసుకువెళ్ళే తినుబండారాల మీద మనవారికి మక్కువ ఎక్కువ. ఐరోపా సంఘం వెలుపలి నుండి వచ్చే ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తీసుకురావడం నిషిద్ధం. నెయ్యి, పాలకోవా, కోడి పచ్చడి ఆ లెక్కలోకి వస్తాయి. తాజా కరివేపాకు కట్టకు కూడా సస్యారోగ్య ధ్రువపత్రం ఉండాలి. అరటి, కొబ్బరి, ఖర్జూరం, అనాస, డూరియన్ అనే ఐదు పండ్లకు మాత్రమే మినహాయింపు. ఆవకాయకు అడ్డు లేదు. కానీ రక్తపోటు ఉన్నవారికి నా అడ్డు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు ఐదు గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. బ్రెడ్డు, చీజు, సూపు, వీటన్నింటిలోనూ ఉప్పు ఉండే దేశంలో మూడు పూటలా ఊరగాయ కలిపితే వారం తిరిగేసరికి కాళ్ళు ఉబ్బుతాయి. ఆ వాపును "ఎక్కువ నడిచాం కదా" అని సరిపెట్టుకుంటారు.

మందుల విషయం క్లుప్తంగా చెబుతాను, ఇదివరకే పలుమార్లు వ్రాశాను. మన డాక్టరు చీటీతో అక్కడి ఫార్మసీలో మందు దొరుకుతుందన్న భరోసా లేదు. మన దేశంలో రెండు మూడు మందులు కలిపి చేసే మాత్రలు చాలావరకు అక్కడ ఉండవు. కనుక యాత్రకు కావలసినదానికన్నా పది రోజులకు అధికంగా, అసలు పట్టీలతోనే, చేతి సంచిలో తీసుకువెళ్ళాలి. వ్యాపార నామాలు కాక ఔషధ నామాలు వ్రాయించిన ఆంగ్ల చీటీ ఒకటి వెంట ఉండాలి. ఆస్ట్రియాలో పారాసిటమాల్ సైతం అపోతేకె అనే మందుల షాపులోనే దొరుకుతుంది. సబ్బులు, షాంపూలు అమ్మే డీఎం, బీపా దుకాణాల్లో దొరకదు. ఆదివారాలు, రాత్రులు వంతుల వారీగా కొన్ని అపోతేకెలు తెరిచి ఉంటాయి. ఏది తెరిచి ఉన్నదో మూసిన ప్రతి అపోతేకె తలుపు మీదా వ్రాసి ఉంటుంది. అంబులెన్సుకు 144, లేదా ఐరోపా అంతటా పనిచేసే 112. వీసా కోసం ముప్పై వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. పిల్లలు తక్కువ ధరది చూసి నొక్కేస్తారు. అంతకుముందే ఉన్న జబ్బులకు వర్తించదన్న వాక్యం అందులో ఉన్నదో లేదో మీరే చదవండి. గుండెకు స్టెంటు వేయించుకున్నవారికి ఆ వాక్యమే అసలు పాలసీ.

నగర మధ్యంలో బస, వంటగది ఉన్న గది అంటే ఖర్చు ఎక్కువ కదా అని ఒక మిత్రులు నాతో వాదించారు. రాత్రికి కొంత ఎక్కువే. కానీ ఆరు నగరాలకు తిరిగే రవాణా ఖర్చు ఉండదు, రెండు పూటల హోటలు భోజనం ఉండదు, అలసిపోయినప్పుడల్లా ఎక్కే టాక్సీ ఉండదు. మధ్యాహ్నం గదికి వచ్చి ఒక గంట పడుకుని మళ్ళీ వెళ్ళగల స్వేచ్ఛకు ధర కట్టడం కష్టం. లెక్క వేస్తే పెద్ద తేడా రాదని ఆ మిత్రులే తరువాత ఒప్పుకున్నారు. తేడా వచ్చినా నేను అదే చెబుతాను. పిల్లలు పెద్దల కోసం పొదుపు చేయవలసిన చోటు మెట్ల దగ్గర కాదు.

మిగిలినది బజారు. మారియాహిల్ఫర్ వీధి చాలావరకు పాదచారులకే కేటాయించినది, వాహనాల భయం తక్కువ, కూర్చోవడానికి బల్లలున్నాయి, మూడు మెట్రో మార్గాలు దాన్ని తాకుతాయి. కొనుగోళ్ళను చివరి రోజుకు కాక, చివరి రోజుకు ముందు రోజుకు పెట్టుకోండి, అది ఆదివారం కాకుండా చూసుకోండి. ఒకే బిల్లు మీద డెబ్బై ఐదు యూరోలు దాటితే అక్కడి పన్నులో కొంత విమానాశ్రయంలో తిరిగి ఇస్తారు. ఆ వరుసలో గంట నిలబడగలరో లేదో ముందు ఆలోచించుకోండి. యాత్ర కోసమని కొత్త బూట్లు కొని అక్కడే మొదటిసారి తొడగవద్దు. పాదాల స్పర్శ తగ్గిన మధుమేహ రోగికి పుండు పడినదీ తెలియదు. ప్రతి రాత్రీ అరికాళ్ళు భార్యకు భర్త, భర్తకు భార్య చూడాలి. విటమిన్ డబ్బాలు బంధువులందరికీ పంచడానికి కొనేవారిని చూశాను. పరీక్షలో లోపం తేలనివారికి వాటి వల్ల ఒరిగేది లేదు. స్టైరియా ప్రాంతపు గుమ్మడి గింజల నూనె ముదురు ఆకుపచ్చగా, కమ్మగా ఉంటుంది. ప్రోస్టేటుకు మంచిదని అమ్మేవారు చెబుతారు. సలాడులో వేసుకోవడానికి ఒక సీసా తెచ్చుకోండి, ప్రోస్టేటు మాత్రను మాత్రం ఆపవద్దు. సీసా పగలకుండా సూట్‌కేసు మధ్యలో, స్వెట్టర్ల నడుమ పెట్టాలి. ఆ సూట్‌కేసు ఇరవై మూడు కిలోలు దాటితే దాన్ని ఎత్తేది ఎవరన్నది బజారులోనే తేల్చుకోవాలి, బెల్టు దగ్గర కాదు.